రోజూ 3 కిలోమీటర్లు పరిగెడుతున్నా 1600 మీటర్ల టైమింగ్ తగ్గట్లేదు

పాలమూరు_రన్నర్:
అన్నలూ, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి (ఫిజికల్ టెస్టులకి) ప్రాక్టీస్ చేస్తున్నా. రోజూ పొద్దున గ్రౌండ్‌లో 3 కిలోమీటర్లు, 17–18 నిమిషాల్లో. తర్వాత 50 బస్కీలు. మొదట్లో టైమింగ్ బాగానే తగ్గింది, ఇప్పుడు 1600కి 7:50 దగ్గర ఆగిపోయింది. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణకి 7:15 పెట్టారు కదా, అదే టార్గెట్. ఇంకో 2 కిలోమీటర్లు పెంచాలా, పద్ధతే మార్చాలా?

ట్రాక్_400:
పద్ధతే మార్చు తమ్ముడూ. 7:15 అంటే కిలోమీటరుకి 4:32. నువ్వు రోజూ పరిగెత్తేది 5:50లో. కావలసిన వేగం కాళ్లకి అలవాటు కావట్లేదు. పోనీ అది తేలిక పరుగా అంటే అదీ కాదు, రోజూ కొంత అలసట మిగిలిపోతుంది.

మంగళవారం: 10 నిమిషాలు జాగింగ్, 100 మీటర్లవి నాలుగు కాస్త వేగంగా, ఆ తర్వాత 400 మీటర్లు ఐదుసార్లు. ఒక్కోటి 1:48, మధ్యలో 2 నిమిషాలు నడక. ఐదోది కూడా 1:48కే రావాలి. మొదటిది 1:38లో కొట్టి చివరిది 2:00కి పడిపోతే ఆ రోజు టార్గెట్ వేగం ప్రాక్టీస్ కానట్టే. శుక్రవారం: ఆగకుండా 20 నిమిషాలు, కిలోమీటరు 5:40 చొప్పున. ఇప్పుడు రోజూ చేస్తున్నది దాదాపు ఇదే, వారానికి ఒక్కసారి చాలు. ఆదివారం 6 కిలోమీటర్లు, కిలోమీటరుకి 7 నిమిషాలు, పక్కవాడితో మాట్లాడుకుంటూ వెళ్లేంత నెమ్మదిగా. మిగతా వాటిలో రెండు రోజులు 4 కిలోమీటర్లు అదే నెమ్మదిలో, రెండు రోజులు పూర్తి రెస్ట్.

డెక్కన్_ఫిట్:
పైది సరైన ప్లాన్. ఒక్కటి కలుపుతా: మార్చమన్నారని రోజుకో కొత్త వీడియో చూసి రోజుకోటి చేయొద్దు. అప్పుడు ఏది పనిచేసిందో తెలియదు, ఏదీ పెరగదు. నాలుగు వారాలు ఇదే ప్లాన్ ఉంచి, వారానికి ఒక్క అంశమే మార్చు. మొదటి వారం 400లు ఐదు, రెండో వారం ఆరు. మూడో వారం ఆరే, కానీ రెస్ట్ 90 సెకన్లు. నాలుగో వారం నాలుగే చేసి, మొత్తం దూరం మూడో వంతు తగ్గించు. శరీరం కోలుకుని బలపడేది ఆ వారంలోనే, దాన్ని వదిలేయొద్దు. ఆ వారం చివర 1600 టెస్ట్ పెట్టుకో. తర్వాతి నెల 800 రెండుసార్లు 3:36లో (మధ్యలో 4 నిమిషాలు), ఆపై 400 రెండుసార్లు 1:44లో.

50 బస్కీలు ఆగకుండా తీయగలుగుతున్నావంటే వాటితో ఇక బలం పెద్దగా పెరగదు. బ్యాగులో బరువు వేసుకుని మోకాలి ఎత్తు మెట్టు ఎక్కడం, లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి కిందికి దిగి లేవడం): కాలికి 8–10 చొప్పున మూడు సెట్లు. మంగళవారం సాయంత్రం చెయ్యి, సోమవారం మాత్రం వద్దు. కొత్త వ్యాయామం నొప్పులు రెండో రోజుకి ముదురుతాయి, ముందురోజు చేస్తే 400లు పాడవుతాయి.

గ్రౌండ్_సీనియర్:
వేగం మొదలుపెట్టగానే చాలామందికి మోకాలి కింద ఎముక లోపలి అంచు నొప్పి పెడుతుంది. ఒక్కసారిగా పెంచడం, సిమెంట్ రోడ్డు, అరిగిపోయిన షూ, ఇవే ఎక్కువగా కారణం. అంచు పొడవునా సలుపుతుంటే వేగం ఆపేసి కొన్ని రోజులు మట్టి గ్రౌండ్‌లో నడువు. వేలితో నొక్కితే ఒకే చోట కలుక్కుమంటూ, నడిచినా నొప్పి ఉంటే ఎముకలో సన్న పగులు కావచ్చు. అప్పుడు పరుగు మానేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించు.

పాలమూరు_రన్నర్:
థ్యాంక్స్ అన్నలూ. 1600లో మొదటి రౌండ్ ఎంతలో వెళ్లాలి? గుంపుతో పాటు లాగేస్తున్నా.

ట్రాక్_400:
1:47, 1:49, 1:49, 1:45. మొత్తం 7:10. మొదటి రౌండ్ 1:35లో తిరిగినవాళ్లు చాలామంది మూడో రౌండ్‌లో నీకు దొరుకుతారు. ఇంకొకటి, మొదటి 100 మీటర్లయ్యాక లోపలి లైన్ పట్టుకో. నాలుగు రౌండ్లూ రెండో లేన్‌లోనే తిరిగితే సుమారు 30 మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు. నీ వేగంలో అది 8 సెకన్లు.