దుబాయ్ పనికి విజిట్ వీసా మీద వెళ్లొచ్చా?

ప్రశ్న: అన్నలకు నమస్కారం. నేను టైల్స్ మేస్త్రీని. తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాను, నాది ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పనికి విదేశం వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సింది). ముందు విజిట్ మీద పంపి, దుబాయ్‌లో దిగాక కంపెనీ వీసాకి మారుస్తానని ఏజెంటు అంటున్నాడు. లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. కట్టేయనా?

జవాబు: తమ్ముడూ, దయచేసి కట్టకు. అక్కడ ఉండగానే వీసా మార్చుకునే వీలు నిజంగానే ఉంది, అందుకే అతని మాట నమ్మాలనిపిస్తుంది. కానీ వర్క్ పర్మిట్ చేతికొచ్చేదాకా పని చేయడం నేరం. కంపెనీ మాట మారిస్తే జీతం అడగడానికి నీ దగ్గర కాగితం ఉండదు. విజిట్ గడువు దాటితే రోజురోజుకీ జరిమానా పెరుగుతుంది. ఖల్లివెల్లి (కాగితాలు లేకుండా అక్కడ ఉండిపోవడం) అయిపోయినవాళ్లలో ఇలా మొదలైనవాళ్లు ఎంతమందో!

పదో తరగతి పాసవ్వనివాళ్లు యూఏఈకి పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఇవ్వాలి. దానితోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయిస్తారు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 10 లక్షలు వస్తాయి. విజిట్ మీద వెళితే ఇదంతా నీకు ఉండదు. పరంజా ఎక్కి పనిచేసేవాడివి, ఈ ఒక్క విషయం ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పు.

ఇక డబ్బు. లైసెన్సున్న ఏజెంటు నీ దగ్గర తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీ 30,000, దాని మీద జీఎస్టీ. అంతే. బ్యాంకులో కట్టి రసీదు తీసుకో. మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో అతని పేరుందో లేదో ముందు చూసుకో. "మా సార్‌కి లైసెన్సుంది, నేను ఆయన మనిషిని" అంటే అక్కడితో ఆపెయ్. యూఏఈ చట్టం ప్రకారం వీసా ఖర్చు కంపెనీదే, అది నీ జీతంలో కోసుకోకూడదు.

ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం చూసి సంబరపడకు, బేసిక్ ఎంతో చూడు. 1,500 దిర్హాములని చెప్పి బేసిక్ 700 రాసి, మిగతాది అలవెన్సుల్లో వేస్తారు. ఓవర్‌టైమ్, చివర్లో వచ్చే గ్రాట్యుటీ రెండూ బేసిక్ మీదే లెక్క. ఇంగ్లీషు రాకపోతే హిందీలో ఇమ్మని అడుగు, ఇస్తారు. చదవకుండా మాత్రం వేలిముద్ర వెయ్యొద్దు.

మరో జవాబు: అన్న చెప్పినదానికి ఇంకొకటి కలుపుతున్నాను. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర పెట్టుకోవడం అక్కడ చట్టవిరుద్ధం, వీసా పని అవ్వగానే అడిగి తీసుకో. ఆఫర్ లెటర్, ఎంట్రీ పర్మిట్ ఫొటోలు తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కి పంపు. యూఏఈలో ఇబ్బందొస్తే మన కాన్సులేట్ సహాయ కేంద్రం 80046342, ఫ్రీ నంబర్.

మొదటి జవాబు రాసిన అన్న: ఆ ఏజెంటు లైసెన్సు నంబర్ అడిగి ఇక్కడ పెట్టు తమ్ముడూ. ఈ-మైగ్రేట్‌లో నేనే చూసి చెబుతాను. అప్పటిదాకా పాస్‌పోర్ట్ అతని చేతికివ్వకు.