వాల్వు రేడియోలో పాత జాజ్: హమ్ పోయింది, దాంతోపాటు బేస్ కూడా

1920ల జాజ్ వేసే ఇంటర్నెట్ రేడియోను ఫోన్ నుంచి 1950ల నాటి వాల్వు సెట్ వెనకున్న గ్రామ్ సాకెట్లకు (గ్రామఫోన్ తగిలించే ఇన్‌పుట్) ఇస్తున్నాను. సెట్‌లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఛాసిస్‌కి (లోహపు చట్రానికి) కరెంటు రాదు. ఆడియో వాల్వు ఈఏబీసీ80, వాల్యూమ్ కంట్రోల్ 500 కిలో ఓమ్‌లు. రెండు ఛానళ్లనూ చెరో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో కలిపి మోనో చేశాను.

ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటేనే గుయ్‌మని హమ్, బ్యాటరీ మీద లేదు. షీల్డు వైరు, ఛార్జరు రెండూ మార్చాను, ప్లగ్ తిప్పి పెట్టాను. లాభం లేదు. రెసిస్టర్ల తర్వాత 600:600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ (చింతగింజ కన్నా కాస్త పెద్దది, అంతే) పెడితే హమ్ పూర్తిగా ఆగింది. కానీ బేస్ వాయించే ట్యూబా మాయం! కార్నెట్, క్లారినెట్ ఖంగుమంటున్నాయి, కింద ఏమీ లేదు. 1925కు ముందు మైకు లేకుండా హారన్‌తో తీసిన రికార్డుల్లో బేస్ ఎలాగూ తక్కువే కాబట్టి, ఆ తర్వాతి ఎలక్ట్రికల్ రికార్డింగులతోనే పోల్చాను. టోన్ జనరేటర్ యాప్‌తో చూస్తే 200 హెర్ట్జ్ కింద బాగా పడిపోతోంది. రెసిస్టర్లను 1 కిలో ఓమ్‌కి దించితే కొంత తిరిగొచ్చింది, చాలదు.

ఇంకా దించి 220 ఓమ్‌లు పెడితే సరిపోతుందా, లేక పెద్ద కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మరే కొనాలా?