పిల్లల లెక్కల డౌట్లు మీ ఇంట్లో ఎలా తీరుస్తున్నారు?

దేవరకొండ అమ్మ:
మా పాప ఎనిమిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొన్న "మమ్మీ, ఎల్‌సీఎం వస్తలేదు" అంటే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నా. తీరా పుస్తకం తెరిచి చూస్తే, గీత గీసి పక్కన 2, 3 పెట్టి భాగించుకుంటూ పోయే మన కసాగు! ఆ లెక్క ఇద్దరం కలిసి చేసేశాం. నా బాధ వేరే. అర్థం కాని లెక్కను ఫోటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. ఎవరో ఒకరు మొత్తం చేసి పంపుతారు. చూసి నోట్సులోకి ఎక్కిస్తుంది. నిన్న స్లిప్ టెస్టులో అదే లెక్క అంకెలు మార్చి ఇచ్చారట, ఏమీ రాయకుండా వచ్చింది. కోప్పడితే ఏడ్చింది. నాకూ టెన్షన్‌గా ఉంది. మీరేం చేస్తున్నారో చెప్పండి.

పాలమూరు లెక్కల సార్:
అమ్మా, కోప్పడకండి. ఫోటో తీయనివ్వండి, కానీ పుస్తకాన్ని కాదు, తన నోటుబుక్‌ను తీయమనండి. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనపడితే చెప్పేవాళ్లకు సులువు. మా బడి పిల్లలు రాత్రిపూట నాకు అలాగే పంపుతారు. ఆగిన చోట నుంచి ఒక్క మెట్టు చెప్పి వదిలేస్తా. మిగతాది వాళ్లే చేసి మళ్లీ పంపుతారు.

ఆ వయసు పిల్లలు తరచూ చేసే తప్పు ఒకటి చెప్తా. రెండు అంకెలు కూడి వర్గం చేయమంటే, విడివిడిగా వర్గాలు చేసి కూడేస్తారు. 3, 4 కలిపితే 7, దాని వర్గం 49. విడిగా చేస్తే 9, 16, కలిపితే 25. మరి 24 ఎటు పోయింది? సూత్రం బట్టీ పట్టిస్తే వారం ఉండదు. పక్కకు 7, నిలువుకు 7 ఉండే మడి గీయించండి. రెండు వైపులా 3 దగ్గర గట్టు వేయించండి. నాలుగు ముక్కలవుతాయి: 9 ఒకటి, 16 ఒకటి, 12 రెండు. పోయిన 24 ఆ రెండు పన్నెండుల్లో ఉంది.

మిర్యాలగూడ నాన్న:
నేను రైస్ మిల్లులో గుమస్తాను. మా బాబు పుస్తకంలో "సంవత్సరానికి 12 శాతం వడ్డీ" అని ఉంది. 10,000కు ఏడాదికి 1,200 అని చేశాడు, బాగానే ఉంది. మనింట్లో అప్పు ఎంతకు తెచ్చాం నాన్నా అన్నాడు. నూటికి రెండు రూపాయల మిత్తి అన్నా. అది 2 శాతమే కదా, తక్కువే అన్నాడు. నెలకురా అది అని చెప్పా. వాడే రాసుకున్నాడు: నెలకు 200, ఏడాదికి 2,400. "అంటే 24 శాతం! పుస్తకంలో దానికి రెండింతలు కడుతున్నమా?" అని నా ముఖం చూశాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు కానీ, శాతం అంటే ఏంటో వాడికి ఇక మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

నారాయణపేట డిగ్రీ స్టూడెంట్:
సార్, మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మా అమ్మానాన్న ముంబైకి పనికి పోతే నేను అవ్వ దగ్గర ఉండి పది చదివా. ఎక్కడ ఆగావు అని అడిగేవాళ్లే లేరు. ఎవరో చేసి పెట్టిన పూర్తి జవాబే నాకు సారు. కాకపోతే చూసి ఎక్కించలేదు. ఒకసారి చదివి, మూసి, తెల్లకాగితం మీద మొదటి నుంచి చేసేవాణ్ని. ఆగితే మళ్లీ తెరిచి ఆ ఒక్క లైను చూసేవాణ్ని. వర్గ సమీకరణాలు అలా ఐదారుసార్లు చేస్తేగానీ రాలేదు. పూర్తి జవాబు పంపేవాళ్లను తిట్టొద్దని నా మనవి.

పాలమూరు లెక్కల సార్:
నిజం తమ్ముడూ. మూసి చేశావు చూడు, అది పెద్ద సంగతి. నా మాట సవరించుకుంటున్నా.

హాలియా రైతు:
మా మనవరాలి సంగతి కూడా వినండి. మాకు ఒక సర్వే నంబరులో 2 ఎకరాల 35 గుంటలు, ఇంకోదాంట్లో ఎకరం 20 గుంటలు. పాసుబుక్కులో 2.35, 1.20 అని ఉంటే కూడి 3.55 అని చెప్పింది. బడిలో దశాంశాలు చెప్పారు, అక్కడ చుక్క కనపడింది, పిల్ల తప్పేముంది! ఎకరానికి 40 గుంటలు అని చెప్పా. 35, 20 కలిపితే 55, అందులో 40 తీస్తే ఎకరం, మిగిలింది 15. మొత్తం 4 ఎకరాల 15 గుంటలు. గుంటకు 121 గజాలని చెబితే, ఎకరానికి 4,840 గజాలని తనే హెచ్చించి తెచ్చింది. ఇప్పుడు ఎక్కడ చుక్క కనపడ్డా "తాతా, ఇది పదుల చుక్కనా, నలభైల చుక్కనా" అని అడుగుతోంది.

దేవరకొండ అమ్మ:
అందరికీ థ్యాంక్స్. సార్ చెప్పిన మడి ఈ సాయంత్రం వాకిట్లో ముగ్గుపిండితో గీశాం. గళ్లన్నీ వేలితో లెక్కపెట్టింది. తర్వాత 5, 2 తీసుకుని తనే గీసింది, ఈసారి 20 పోయిందని చెప్పింది. ఇప్పుడు కొత్త డౌట్. 7లో నుంచి 3 తీసేసి వర్గం చేయాలంటే గట్టు ఎక్కడ వేయాలని అడుగుతోంది. నాకు తోచడం లేదు సార్.

పాలమూరు లెక్కల సార్:
అదే మడిలో పక్కకు 3 వెడల్పు పట్టీ, నిలువుకు 3 వెడల్పు పట్టీ కొట్టేయమనండి. ఒక్కోటి 21. 49లో రెండు ఇరవై ఒకట్లు తీస్తే 7 వస్తుంది, కానీ మిగిలిన ముక్కలో గళ్లు 16 ఉంటాయి. ఏ మూలను రెండుసార్లు కొట్టేసిందో పాపనే వెతకనివ్వండి. దొరకగానే నోటుబుక్ ఫోటో పెట్టండి.