“చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకొని…” ఈ వాక్యంలో చదివింది ఎవరు?

నల్లగొండ నుంచి:

అందరికీ నమస్కారం. నేను తెలుగు పంతులును. మా వీధిలో ఒకాయన ఇంటిని పోలీసులు సోదా చేసి, పంచనామా కాపీ చేతిలో పెట్టి వెళ్లారు. ఆయనకు చదువు అంతగా రాదు, చదివి చెప్పమని నా దగ్గరికి తెచ్చాడు. మూడు పేజీలు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను: “పై పంచనామాను చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకొని సంతకములు చేసితిమి.” కింద రెండు సంతకాలు. చదివింది ఎవరో మూడు పేజీల్లో ఎక్కడా లేదు. ఇది వ్యాకరణానికి ఒప్పుతుందా, లేక వాడి వాడి అరిగిపోయిన మాటా? పనిలో పని ఇంకో సందేహం. సోదా, తలాషి, తనిఖీ మూడూ ఒకటేనా?

మహబూబ్‌నగర్ నుంచి:

సార్, రెండో దానికి నేను చెప్తా. మా దిక్కు పెద్దలు ‘తలాషి’ అనే అంటరు. “అమీను సాబ్ వచ్చి ఇల్లంత తలాషి తీసిండు” అని. అది ఫారసీ మాట. నిజాం కాలంలో పోలీసు, కోర్టు పనంతా ఉర్దూలో నడిచింది కాబట్టి మన నోళ్లలో నిలిచిపోయింది. పాత కాగితాలు చదివేవాళ్లు ఒక మాట దగ్గర జాగ్రత్త పడాలి. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. మన తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడినవాడు. అర్థం పూర్తిగా తలకిందులు. 1948కి ముందటి ఉర్దూ మిసిల్‌ను (కేసు ఫైలును) తెలుగు చెవితో చదివితే ఫిర్యాదిని జైలుకు పంపుతాం.

నల్లగొండ కోర్టులో ప్రాక్టీసు చేసే సభ్యుడు:

సార్, మీరు ఆగిన చోట నిజంగానే ఆగాలి. వ్యాకరణం సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు, అయినా చూడండి. ‘చదివి’, ‘విని’, ‘ఒప్పుకొని’ లాంటివాటికి మామూలుగా తర్వాతి క్రియకున్న కర్తే కర్త. ‘వినిపించగా’ అట్లా కాదు. “వాన పడగా చెరువు నిండింది” అంటే పడింది వాన, నిండింది చెరువు. అట్లాగే ఈ వాక్యంలో చదివి వినిపించింది ఒకరు, విని ఒప్పుకొని సంతకం చేసింది ఇంకొకరు. కాబట్టి వాక్యం తప్పు కాదు, దానికి మొదటి మనిషి కావాలి. ఆ చోటు ఖాళీగా ఉంది. “హెడ్ కానిస్టేబుల్ ఫలానా మాకు తెలుగులో చదివి వినిపించగా” అని రాస్తే రేపు కోర్టులో ఆ మనిషిని పిలిచి అడగవచ్చు. పేరు లేకపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

దీన్ని ఇంత పట్టించుకోవడానికి కారణం చెప్తాను. అక్రమంగా సోదా చేస్తే దొరికిన వస్తువు సాక్ష్యంగా చెల్లదని చాలామంది అనుకుంటారు. అమెరికాలో చాలావరకు అంతే, అక్రమ సోదాలను నిషేధించే అక్కడి రాజ్యాంగం నాలుగో సవరణ బలం అది. మన రాజ్యాంగంలో అట్లాంటి అధికరణం విడిగా లేదు. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆ మాటే అన్నారు. సోదా చేయడం అంటే మనిషి చేత తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించడం కాదు కాబట్టి రాజ్యాంగం 20(3) అధికరణం అడ్డురాదని కూడా తేల్చారు. 1973 డిసెంబరులో పూరణ్‌మల్ కేసులో, సోదా చట్టప్రకారం జరగకపోయినా అంతమాత్రాన దొరికిన వస్తువును సాక్ష్యం నుంచి తీసేయనక్కర్లేదన్నారు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని చెప్పి, ఎం.పి. శర్మలో దానికి విరుద్ధంగా ఉన్న భాగాన్ని కొట్టేశారు. అయినా పూరణ్‌మల్ మాట పోలేదు.

కాబట్టి మన దగ్గర సోదా సక్రమంగా జరిగిందా లేదా అన్నది చాలావరకు నమ్మకం మీద తేలుతుంది. ఆ నమ్మకానికి ఆధారం పంచ్‌లు, అంటే సోదాను చూసి పంచనామా మీద సంతకం పెట్టే సాక్షులు. వాళ్లు కళ్లతో చూడకుండా, చెవులతో వినకుండా ఠాణాలో కూర్చొని దస్కతు పెడితే మిగిలేది పోలీసు మాట ఒక్కటే. ఏళ్ల తర్వాత విచారణలో “నాకేం తెలుసు సార్, పెట్టమంటే పెట్టిన” అంటారు. ‘పంచ్ హాస్టైల్ అయిండు’, అంటే సాక్షి ఎదురు తిరిగాడు అని మేం రాసుకుంటాం. దాంతో ఒకసారి నిర్దోషికి మేలు జరుగుతుంది, ఒకసారి నిజమైన దొంగకు మేలు జరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ అసలు ఏం జరిగిందో ఎవరికీ తెలియకుండా పోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

గుంటూరు నుంచి:

మా వైపు పాత కేసు కాగితాల్లో ‘మధ్యవర్తుల నివేదిక’ అని చూశానండి. ‘మహజరు’ అని కూడా విన్నాను. అన్నీ ఒకటేనా? పంచనామా అంటే మాకు శవ పంచనామాయే గుర్తొస్తుంది.

నల్లగొండ కోర్టు సభ్యుడు:

పని ఒకటేనండి, పేర్లు వేరు. పంచ్ అంటే ఐదు, నామా అంటే పత్రం. ఊళ్లో ఐదుగురు పెద్దల ముందు రాసుకున్న కాగితం అన్నమాట. చట్టం మాత్రం ఇద్దరు చాలంటుంది. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) 100వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 103: “ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువ మంది, స్వతంత్రులు, గౌరవనీయులు, ఆ ప్రాంతవాసులు”. ఆ ప్రాంతంలో దొరక్కపోయినా, మేం రామని వాళ్లు చెప్పినా వేరే ప్రాంతం వాళ్లను పిలవవచ్చు. నాకు ‘మధ్యవర్తి’ అనే మాట నచ్చదు. మధ్యవర్తి అంటే ఇద్దరి మధ్య తగవు తీర్చేవాడు. ఇక్కడ తీర్చడానికి తగవేం లేదు, చూసి చెప్పడమే.

గుంటూరు పేరు ఎత్తారు కాబట్టి చెప్పాలి. మీ జిల్లా కేసు పులుకూరి కోటయ్య, 1946 డిసెంబరులో ప్రీవీ కౌన్సిల్‌లో (బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టులో) తేలింది. “నేరం ఒప్పుకున్నాడు, చూపించాడు, స్వాధీనం చేసుకున్నాం” అని రాసే పంచనామాల్లో ఎంత భాగం చెల్లుతుందో ఇప్పటికీ దేశమంతా దాన్ని చూసే వాదిస్తుంది. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదు. వస్తువు ఫలానా చోట ఉందని అతనికి తెలుసు అన్నంతవరకే చెల్లుతుంది. “ఈ కత్తితోనే పొడిచాను” అన్న ముక్క చెల్లదు.

మహబూబ్‌నగర్ నుంచి:

అన్నా, తనిఖీ సంగతి వదిలేసినవు. పేపర్లల్ల ‘నిర్బంధ తనిఖీలు’ అని వస్తది గదా.

నల్లగొండ కోర్టు సభ్యుడు:

మంచి మాట గుర్తు చేసినవు తమ్ముడూ. తనిఖీ అంటే మామూలుగా జరిగే పరిశీలన. బస్సులో టికెట్ల తనిఖీ, హాస్టల్లో వంటగది తనిఖీ. సోదా అంటే దాచిందేదో వెతకడం. తెల్లవారుజామున కాలనీని చుట్టుముట్టి ఇంటింటికీ పోయి బండ్ల కాగితాలు అడిగితే దాన్ని తనిఖీ అనవచ్చేమో గానీ, గడప దాటి బీరువా తెరిపిస్తే అది సోదాయే. పేరు మారిస్తే బాధ్యత మారుతుంది. వారంట్ లేకుండా సోదా చేయాలంటే కొత్త సంహిత 185వ సెక్షన్ కింద, ఎందుకు చేస్తున్నారో కారణాలు ముందుగా కేసు డైరీలో రాయాలి, దేనికోసం వెతుకుతున్నారో వీలైనంతవరకు చెప్పాలి. 48 గంటల్లోగా ఆ కాగితాలు మేజిస్ట్రేటుకు చేరాలి. ‘తనిఖీ’ అని రాసేస్తే ఇవన్నీ ఎవరూ అడగరు. విలేకరి మిత్రులు ఈ గుంపులో ఉంటే దయచేసి ఆ తేడా పాటించండి.

హైదరాబాదు కేసు ఒకటి దీనికి దగ్గరగా ఉంది. స్టాంపు చట్టం 73వ సెక్షన్‌కు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ కింద, కలెక్టర్ పంపిన ఎవరైనా బ్యాంకులోకి పోయి ఖాతాదారుల కాగితాలు చూడవచ్చు, తీసుకుపోవచ్చు అని ఉండేది. 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబడనివ్వలేదు. గోప్యత మనుషులది, చోట్లది కాదు, కాగితం బ్యాంకుకు పోయినంత మాత్రాన అది పోదు అన్నారు. అక్కడ వాడిన మాట పరిశీలనే, సోదా కాదు. కోర్టు పేరును కాకుండా పనిని చూసింది.

నల్లగొండ నుంచి:

చాలా తెలిసింది. ఇంకొక్కటి. ఇంటాయన ఆ సమయంలో పొలం దగ్గర ఉన్నాడు, భార్య ఒక్కతే ఉందట. ఆమెను వాకిట్లో నిలబెట్టారట. ఇప్పుడు ఏం చేయాలి?

నల్లగొండ కోర్టు సభ్యుడు:

ఆమెను లోపల ఉండనివ్వాల్సింది సార్. ఇంట్లో ఉన్నవాళ్లు గానీ, వాళ్ల తరఫు మనిషి గానీ సోదా జరుగుతుండగా చూడవచ్చని 103లోనే ఉంది. ఆమె ఒంటి మీద వెతకాల్సి వస్తే మహిళే వెతకాలి. వస్తువుల జాబితాలో ఏది ఏ చోట దొరికిందో రాయాలి. “ఇంట్లో దొరికినవి” అని ఒకే ముద్దగా రాసి ఉంటే అది గుర్తుపెట్టుకోండి. కొత్త సంహిత 105 ప్రకారం సోదా మొదలుకొని జాబితా రాయడం, పంచ్‌లు సంతకం పెట్టడం దాకా అంతా వీడియో తీసి, ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. అంటే మీరు అడిగిన “చదివింది ఎవరు” అన్న ప్రశ్నకు జవాబు ఆ వీడియోలో ఉండాలి.

185 కింద రాసిన కాగితాల కాపీ ఇంటి యజమానికి మేజిస్ట్రేటు ఉచితంగా ఇవ్వాలి, కానీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఒక తెల్లకాగితం మీద ఎఫ్‌ఐఆర్ నంబరు, సోదా జరిగిన తేదీ, ఇంటి నంబరు రాసి, “సోదా కారణాలు రాసిన పత్రం ప్రతి, 105 కింద తీసిన వీడియో ప్రతి ఇప్పించగలరు” అని తెలుగులోనే రాయండి. భార్యను బయట నిలబెట్టిన సంగతి, ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని గంటలకు పోయారు అన్నది ఆమె జ్ఞాపకం చెదరకముందే వేరే కాగితం మీద రాసి వకీలుకు ఇవ్వండి. రాసింది మీరైతే “నేను చదివి వినిపించాను” అని కింద మీ పేరు పెట్టండి సార్.