7 అంగుళాల సింగిల్ చివర్లో బరబర: లోపం సూదిదా, రికార్డుదా?

300 కాపీలే వేసిన ఇన్‌స్ట్రుమెంటల్ నాయిస్ రాక్ వినైల్ సింగిల్, 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు). ఏ సైడు నిడివి 5:40. సూది లేబుల్ దగ్గరికొచ్చాక, 4:30 నుంచి, సింబల్స్ చితికిపోయి కుడి ఛానెల్ బరబరమంటోంది. గిటార్ గరగర కావాలని పెట్టిందే, ఇది వేరు: దీంతో వచ్చిన డిజిటల్ ఫైల్‌లో లేదు.

డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాను. ట్రాకింగ్ బరువు (సూది గాడిని నొక్కే బరువు) 1.8 నుంచి 2.2 గ్రాముల దాకా మార్చాను; 2.2 దగ్గర కొంచెం తగ్గింది, అంతే. యాంటీస్కేటింగ్ (సూది చేయి లోపలికి లాగకుండా ఆపే సర్దుబాటు) మార్చినా తేడా లేదు. ప్రొట్రాక్టర్ (సూది కోణం సరిచూసే కొలబద్ద) పెట్టి కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) మళ్లీ బిగించాను. సూది మొన ఎలిప్టికల్ (అండాకారం), 0.3 x 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), సుమారు 200 గంటలు ఆడింది. 3 నిమిషాల సింగిల్స్ శుభ్రంగానే పలుకుతున్నాయి, కాకపోతే వాటి గాడి లేబుల్‌కి ఇంత దగ్గరగా రాదు.

మైక్రోలైన్ సూది (మొన ఇంకా సన్నగా ఉండేది) వేస్తే ఈ చివరి నిమిషం బాగుపడుతుందా, లేక కటింగ్‌లోనే (గాడి చెక్కేటప్పుడే) పోయిందనుకోవాలా?