బొమ్మిడాయి ఇసుకలోంచి బయటికి రావట్లేదు, ఏం తినిపించాలి?

పోయిన ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్లో పులుసుకని బొమ్మిడాయిలు తెచ్చాను. వాటిలో ఒకటి ఇంటికొచ్చాక కూడా కదులుతూనే ఉంది. మా పాప దాన్ని కొయ్యనివ్వలేదు, అక్వేరియంలో వేశాం. జానెడు పొడవుంటుంది.

వేసిన కాసేపటికే తలతో ఇసుక తొలుచుకుని లోపలికి దూరిపోయింది. ఇప్పుడు పైకి కనిపించేది ఆ కోసు మూతి ఒక్కటే. నీటి అడుగున ఇసుకలో, బురదలో బతికే చేప, పగలు దాక్కోవడం దాని స్వభావమేనని తెలుసు. టెన్షన్ అంతా మేత గురించే. నాలుగు రోజులుగా ఏమీ ముట్టలేదు. పైన తేలే గుళికలు వేస్తే ఎర్ర చేపలు తినేస్తున్నాయి. రాత్రి లైటు తీశాక వానపాము ముక్కలు అడుగుకి జారవిడిస్తే తింటుందా? బతికున్న పురుగులు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

ఇంకొకటి, తొట్టిలో ఒక పక్క గరుకు గులకరాళ్లున్నాయి. ఒళ్లు గీసుకుపోతుందేమో, తీసేయమంటారా? దూకుతుందని విని మూత మాత్రం గట్టిగా బిగించాను.

మావారు హుస్సేన్ సాగర్‌లో వదిలేద్దామంటున్నారు. ఆ నీళ్లలోకి దాన్ని పంపడానికి నాకు మనసొప్పట్లేదు. బొమ్మిడాయిని ఇంట్లో పెంచినవాళ్లుంటే దయచేసి చెప్పండి.