పరాయి దేశపు తగవులో మధ్యవర్తిగా వెళ్ళవచ్చునా?

గాజువాక, న్యాయవాది

అందరికీ నమస్కారం. నేను పదహారేళ్ళుగా విశాఖపట్నం కోర్టులలో న్యాయవాదిగా పనిచేస్తున్నాను. 40 గంటల మధ్యవర్తిత్వ శిక్షణ పూర్తిచేసి, కొన్నేళ్ళుగా భార్యాభర్తల తగాదాలు, అన్నదమ్ముల ఆస్తి పంపకాల కేసులలో మధ్యవర్తిగా కూర్చుంటున్నాను. ఇటీవల ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ, తూర్పు ఆఫ్రికాలో మేత భూములు, నీటి చెలమల కోసం తగవులాడుకుంటున్న పశుపాలక తెగల మధ్య ఏడాదిపాటు పనిచేయడానికి మధ్యవర్తులు కావాలని పిలుపునిచ్చింది. జీతం ఉండదు, ఖర్చులకు భత్యం ఇస్తారు, బయలుదేరే ముందు రెండు వారాల శిక్షణ ఉంటుంది. మా అమ్మాయి ఈ ఏడే ఇంటర్మీడియట్ ముగించి హాస్టలుకు వెళ్ళింది కనుక ఇంటి బాధ్యత కొంత తగ్గింది. నాకు వెళ్ళాలని బలంగా ఉంది.

అయితే నా సహోద్యోగి ఒకరు, భాష రాని చోట, మనుషులు తెలియని చోట మధ్యవర్తిననుకోవడం అహంకారమే అవుతుందని, అక్కడివారి ప్రాణాల మీద పని నేర్చుకుంటానా అని సూటిగా అడిగారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. బయటివారు, అందులోనూ స్వచ్ఛందంగా వెళ్ళినవారు, అటువంటి తగవులలో నిజంగా ఉపయోగపడతారా, లేక మరింత చిక్కు తెస్తారా? మీరు నిర్మొహమాటంగా చెప్పాలని కోరుతున్నాను.

మల్కాపురం, నౌకాదళ విశ్రాంత ఉద్యోగి

అమ్మా, మీ సంకల్పం మంచిదే. అయినా వెళ్ళవద్దనే నా మాట. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేసిన నాటికి నేను తూర్పు నౌకాదళంలో ఉద్యోగిని. శాంతిని నిలబెట్టడానికి వెళ్ళిన మన సైన్యం అక్టోబరు వచ్చేసరికి ఒక పక్షంతో యుద్ధంలోకి దిగవలసి వచ్చింది, 1990 మార్చిలో చివరి దళం వెనక్కి వచ్చేలోగా మనం సుమారు 1,200 మంది సైనికులను పోగొట్టుకున్నాం. ఆయుధం పట్టి పోరాడుతున్న తమిళ పులుల (ఎల్‌టీటీఈ) సంతకం అసలు ఆ కాగితం మీదే లేదు. ఆ తరువాత 2002 ఫిబ్రవరిలో కాల్పుల విరమణ కుదిర్చిన నార్వేను సింహళ జాతీయవాదులు పులుల పక్షపాతి అని నిందించారు. ఆ విరమణ కూడా 2008 జనవరిలో ముగిసిపోయింది. ప్రభుత్వాలకూ, సైన్యాలకూ అలవికాని చోట రెండు వారాల శిక్షణతో మీరు ఏమి చేయగలరు? నా తోబుట్టువు అడిగినా నేను ఇదే చెప్పేవాణ్ణి.

ద్వారకానగర్, పరిశోధక విద్యార్థి

పెద్దవారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. శ్రీలంక ఉదాహరణ సైన్యాలకూ, ప్రభుత్వాలకూ సంబంధించినది. ప్రభుత్వాలకు తమ ప్రయోజనాలుంటాయి, స్వచ్ఛంద సేవకులకు ఆ బరువు ఉండదు. ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో 15 ఏళ్ళకు పైగా సాగి, సుమారు 10 లక్షల మందిని బలితీసుకున్న అంతర్యుద్ధాన్ని ముగించిన చర్చలు ఒక స్వచ్ఛంద బృందం ఆతిథ్యంలోనే జరిగాయి. 1968లో రోమ్ విద్యార్థులు కొందరు పేదలకు సేవచేయడానికి స్థాపించిన శాంత్ ఎజిదియో అనే ఆ సమాజం, 1990 జూలైలో ఫ్రెలిమో ప్రభుత్వాన్నీ, రెనామో తిరుగుబాటుదారులనూ తమ ప్రాంగణంలో ఎదురెదురుగా కూర్చోబెట్టింది. రెండేళ్ళకు పైగా ఓపిక పట్టి 1992 అక్టోబరు 4న శాంతి ఒప్పందం చేయించింది. ఆ బృందం చేతిలో ధనబలమూ లేదు, సైన్యమూ లేదు. ఏ పక్షమూ భయపడనవసరం లేనివారు కావడమే వారికి ద్వారాలు తెరిచింది. కాబట్టి బయటివారు కావడం లోపమని నేను అంగీకరించలేను. లోపలివారికి దొరకని నమ్మకం ఒక్కొక్కప్పుడు బయటివారికే దొరుకుతుంది.

చినవాల్తేరు, విశ్రాంత ఆచార్యుడు

మొజాంబిక్ గురించి మిత్రులు చెప్పినదంతా నిజమే కాని, అందులో ఒక మనిషి ప్రస్తావన రాలేదు. ఆ చర్చలలో మధ్యవర్తులు నలుగురు. అందులో ఒకరు బెయిరా ఆర్చిబిషప్ జైమె గొన్సాల్వెస్. ఆయన ఆ దేశస్థుడే, రెనామో నాయకుడు మాట్లాడే న్డావు భాష తెలిసినవాడు. రోమ్ వారితో ఆయన పరిచయం చర్చలకు ఎన్నో ఏళ్ళ ముందే మొదలైంది. అంటే బయటి తలుపు లోపలి మనిషి తీస్తేనే తెరుచుకుంది.

నాకు తోచిన ముఖ్యవిషయం మరొకటి ఉంది. మన భాషలో 'మధ్యవర్తి' అనే ఒక్క మాట మూడు నాలుగు పనులు చేస్తోంది. పోలీసులు రాసుకునే మధ్యవర్తుల నివేదికలో మధ్యవర్తి అంటే సాక్షిగా సంతకం పెట్టే మనిషి. రచ్చబండ మీద మధ్యవర్తి అంటే తీర్పు చెప్పి తప్పు వేసే పెద్దమనిషి. ఆర్బిట్రేషన్‌లో అవార్డు, అంటే ఇరుపక్షాలూ కట్టుబడవలసిన తీర్పు, ఇచ్చేవారినీ అదే మాటతో పిలుస్తున్నాం. న్యాయవాది గారు కోర్టులో చేస్తున్నది వీటిలో ఏదీ కాదు: తీర్పు చెప్పకుండా, ఇద్దరి మాటా ఇద్దరికీ వినిపించేలా చేసి, పరిష్కారాన్ని వారి నోటనే రప్పించడం. ఆ పనికి అధికారం ఎక్కడినుండి వస్తుందన్నదే ఈ చర్చకు కీలకం. అది ఏ సంస్థా ఇచ్చేది కాదు, తగవులో ఉన్న రెండు పక్షాలూ ఇవ్వవలసినది.

మన నేల మీద జరిగిన దానినే చూడండి. 2004 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, నక్సలైట్లకూ మధ్య హైదరాబాదులో చర్చలు జరిగాయంటే, అందుకు వెనుక 1997 నుండి ఊరూరా తిరిగి, రెండు పక్షాల హింసనూ ప్రశ్నిస్తూ వచ్చిన పౌర స్పందన వేదిక శ్రమ ఉంది. దానికి నాయకత్వం వహించిన ఎస్. ఆర్. శంకరన్ గారు జీవితమంతా నిరుపేదల పక్షాన నిలబడిన ఐఏఎస్ అధికారి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయనా ఒకరు. అంత జరిగినా ఆయన కక్ష పెంచుకోలేదు. ఆయన ఏ దరఖాస్తూ పెట్టి మధ్యవర్తి కాలేదు. 2011 ఫిబ్రవరిలో మన పక్కనున్న ఒడిశాలోని మల్కనగిరి జిల్లా కలెక్టరు వినీల్ కృష్ణ గారిని మావోయిస్టులు నిర్బంధించినప్పుడు పౌరహక్కుల నేత ఆచార్య హరగోపాల్ గారిని మధ్యవర్తులలో ఒకరిగా పిలవడానికి కారణం కూడా దశాబ్దాలుగా ఆయన పలికిన మాటే. శంకరన్ గారంతటివారు కూర్చున్న చర్చలు సైతం 2005 జనవరికి విఫలమయ్యాయి. ఈ పని బరువు ఎంతటిదో దానిని బట్టే తెలుస్తుంది.

పరాయివారు మన దేశానికి మధ్యవర్తులుగా వచ్చిన ఉదంతమూ ఉంది. 1964లో మన ప్రభుత్వానికీ, సాయుధ నాగాలకూ మధ్య రాజీకి ఏర్పడిన నాగాలాండ్ శాంతి బృందంలో జయప్రకాశ్ నారాయణ్, అస్సాం ముఖ్యమంత్రి బిమలా ప్రసాద్ చాలిహాలతో పాటు మైఖేల్ స్కాట్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు పనిచేశారు. ఆ సెప్టెంబరులో కాల్పులు ఆగాయి కూడా. కాని ఆయన నాగాల వైపు మొగ్గుతున్నారని భావించి, 1966లో మన ప్రభుత్వమే ఆయనను దేశం నుండి పంపివేసింది. ఆయన నిజాయితీని నేను శంకించడం లేదు. పరాయి మనిషి మీద అనుమానం పడటానికి ఒక్క మాట చాలునని చెబుతున్నాను.

మరి వెళ్ళకూడదా? వెళ్ళవచ్చు, కాని మధ్యవర్తిగా కాదు. న్యాయవాది గారు వెళ్ళదలచిన ప్రాంతానికే దగ్గరి కథ కెన్యాలోని వజీర్‌ది. 1990ల తొలినాళ్ళలో అక్కడి సోమాలీ వంశాల మధ్య రక్తపాతం జరుగుతున్నప్పుడు, దెఖా ఇబ్రహీం అబ్ది అనే స్థానిక యువతి, మరికొందరు స్త్రీలు ముందుగా సంతను పట్టించుకున్నారు. ఏ వంశపు స్త్రీ అయినా అక్కడ నిర్భయంగా అమ్ముకోవాలి, కొనుక్కోవాలి అన్నదే వారి మొదటి ప్రయత్నం. అక్కడినుండి పెద్దలను, యువకులను, అధికారులను ఒక్కొక్కరినీ కలుపుకొని శాంతి సంఘాన్ని నిలబెట్టారు. పాలపాత్రలు సర్దుకునే చోట మొదలైన ఈ పనిని ఏ విదేశీ నిపుణుడూ రూపొందించగలిగేవాడు కాదు. అయితే అటువంటివారి వెంట నడిచేవారు కావాలి. గాంధీజీ తలపోసిన శాంతిసేన ఆలోచనను 1957లో వినోబా ఆచరణలో పెట్టారు. ఆ స్ఫూర్తిని అందుకున్న నాన్‌వయొలెంట్ పీస్‌ఫోర్స్ అనే సంస్థ 2002లో హర్యానాలోని సూరజ్‌కుండ్‌లోనే పుట్టింది. ఆయుధం లేకుండా బెదిరింపులకు గురైనవారి పక్కన నిలబడటం, వారు ప్రయాణిస్తే తోడు వెళ్ళడం దాని పద్ధతి. చర్చల ఏర్పాట్లు చూడటం, మాట తప్పు పోకుండా రాసిపెట్టడం, స్థానిక మధ్యవర్తి అలిసిపోయినప్పుడు ఆమె గోడు వినడం, ఇవన్నీ ఒక ఏడాదిలో మీరు చేయగల పనులు.

పెదజాలరిపేట

నేను పెద్దగా చదువుకోలేదు, ఇది మా అబ్బాయి చేత టైపు చేయిస్తున్నాను. 2022 జనవరిలో రింగు వలల విషయంలో మా పేటకూ వాసవానిపాలెం వారికీ గొడవ జరిగి సముద్రం మీదే పడవలు తగలబడ్డాయి. అప్పుడు చాలామంది వచ్చి శాంతంగా ఉండమన్నారు. తీరానికి ఎంత దూరంలో వల వేయాలి, వల కన్ను (రంధ్రం) ఎంత ఉండాలి అన్నది తెలియనివారు చెప్పిన మాట మా చెవికి ఎక్కలేదు. కాని తెలియదని ఒప్పుకొని, ఇసుకలో కూర్చుని అడిగి తెలుసుకున్నవారితో మేము మాట్లాడాము. ఇరువైపులా బంధుత్వాలున్నవాళ్ళం, మాకూ మాట్లాడాలనే ఉంటుంది. ముందుగా ఎవరు పలకరించాలన్నదే కష్టం. అమ్మగారు వెళితే అడిగే మనిషిగా వెళ్ళాలి.

గాజువాక, న్యాయవాది

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆచార్యుల వారి మాట తరువాత ఆ సంస్థకు మూడు ప్రశ్నలు పంపాను: రెండు తెగలలోనూ మమ్మల్ని రమ్మన్నవారు ఎవరు, నేను ఎవరి కింద పనిచేస్తాను, ఏడాది ముగిశాక ఆ పని ఎవరి చేతిలో ఉంటుంది. రెండవ ప్రశ్నకు వెంటనే జవాబు వచ్చింది, రాజధాని నగరంలోని విదేశీ సమన్వయకర్త కింద అని. మూడవదానికి, నిధులను బట్టి నిర్ణయిస్తామన్నారు. మొదటి ప్రశ్నకు నేరుగా సమాధానం రాలేదు. అందువల్ల మధ్యవర్తి స్థానానికి దరఖాస్తు పెట్టడం లేదని రాశాను. స్థానిక స్త్రీల శాంతి సంఘం ఏదైనా తమకు నమోదుల పనికి, శిక్షణ ఏర్పాట్లకు మనిషి కావాలని కోరితే, వారి కింద పనిచేయడానికి సిద్ధమని, ఈలోగా స్వాహిలీ నేర్చుకోవడం మొదలుపెడతానని కూడా రాశాను.

ఇంకొకటి. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టంలో, ఒక ప్రాంతపు శాంతికి భంగం కలిగించగల తగాదాలకు ముగ్గురు మధ్యవర్తులతో సామాజిక మధ్యవర్తిత్వం జరపడానికి వీలుంది. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉండి, తీరం వెంబడి పేటలలో దాని గురించి నేను ఒక్కరితోనైనా మాట్లాడలేదు. పెదజాలరిపేట అన్నగారు అనుమతిస్తే ఈ ఆదివారం వచ్చి వల కన్ను గురించి అడిగి తెలుసుకుంటాను.

మల్కాపురం, నౌకాదళ విశ్రాంత ఉద్యోగి

నా అభిప్రాయం పూర్తిగా మారలేదమ్మా. అయినా పిలుపు వచ్చి వెళ్ళవలసి వస్తే, అక్కడ కాల్పులు మొదలైన రోజున మిమ్మల్ని బయటికి తెచ్చే బాధ్యత ఎవరిదో, మీతో పనిచేసిన స్థానికులను ఎవరు కాపాడతారో కాగితం మీద రాయించుకోండి. మేము వెనుదిరిగి వచ్చినప్పుడు మాకు సాయపడిన అక్కడివారు అక్కడే ఉండిపోయారు.

పెదజాలరిపేట

ఆదివారం వద్దండి, ఆ రోజు బేరం ఎక్కువ. సోమవారం పొద్దున్న పడవలు వచ్చేవేళకు రండి. వాసవానిపాలెంలో మా మేనల్లుడికి కూడా కబురు చేస్తాను.